ఏడుపు వలె గనబడు నవ్వు

మన భాషలో "ఏడవలేక నవ్వినట్లు" అను పలుకుబడి యొకటి కలదు. దుఃఖమును దిగమ్రింగి, నలుగురి యెదుట మొగమున నవ్వు తెచ్చుకొనువానిని గూర్చి మనమట్లందుము. దానికి సరిగా తలక్రిందులైన సంగతి యొకటి లోకమున కలదు. నిజముగా సంతోషించి నవ్వుచున్న బిడ్డ మొగము, చూచువారికి ఏడ్చుచున్న మొగము వలె కనబడును. ఆ విపరీతమైన నవ్వును ఆనవాలుగా పట్టుకొని, ఆ బిడ్డ మూత్రపిండములు చెడిపోవుచున్నవని ముందుగా తెలిసికొన వచ్చునని యొక శస్త్రవైద్యుడు కనిపెట్టెను. నవ్వునకును మూత్రమునకును సంబంధమేమని మీలో పలువురికి ఆశ్చర్యము తోచవచ్చును. ఆ సంబంధమును వెదకుటలోనే వైద్యులకు దాదాపు ఏబది సంవత్సరములు గడచినవి. ఈ పూట నేను మీకు చెప్పదలచిన చరిత్ర అదియే. నేను వైద్యుడను గాను. రోగముల చరిత్రలను, రాజుల చరిత్రలను చదివినంత యాసక్తితో చదువువాడను మాత్రమే.

ఈ కథ మన దేశమున జరిగినది కాదు. దక్షిణ అమెరికా ఖండమున కొలంబియా యను దేశము కలదు. ఆ దేశమునకు వాయవ్య దిక్కున, ఆండీసు పర్వతముల నడుమ ఆంతియోకియా యను సీమ యున్నది. దానికి ముఖ్య పట్టణము మెడెలిన్. అచ్చట 1803 లో స్థాపితమైన విశ్వవిద్యాలయమును, సాన్ విసెంతె దె పౌల్ పేర నొక పెద్ద ధర్మాసుపత్రియు కలవు. ఆ ఆసుపత్రిలో పసిపిల్లలకు శస్త్రచికిత్స చేయుచుండిన వైద్యుని పేరు బెర్నార్డో ఓచోవా. 1960 తరువాతి దశాబ్దములో ఆయన యొద్దకు మూత్రవ్యాధితో వచ్చు పిల్లలలో కొందరి విషయమున ఆయనకు రెండు సంగతులు వింతగా తోచినవి.

మొదటిది, వారి మూత్రాశయము పని చేయవలసినట్లు పని చేయకుండుట. అయినను వెన్నెముకలో లోపము లేదు, మూత్రము వెడలు దారిలో రాయి గాని, పొర గాని అడ్డము లేదు. రెండవది వారి నవ్వు. ఊరకున్నప్పుడు ఆ పిల్లల మొగము అందరి పిల్లల మొగము వంటిదే. నవ్వు వచ్చినంతనే పెదవుల కొనలు పైకి లేచుటకు మారుగా ప్రక్కలకు సాగి, క్రిందికి దిగును, కనుబొమలు ముడివడును, కన్నులు చిన్నవగును. తెలియనివారు చూచినచో "అయ్యో, ఈ బిడ్డ ఎందుకేడ్చుచున్నాడు?" అని యోదార్పబోవుదురు. బిడ్డ మాత్రము మనసున మిక్కిలి యుల్లాసముతో నుండును. తల్లులకది వింతగా తోచి యుండదని నేననుకొందును. పుట్టినది మొదలు చూచుచున్న మొగము. వారికి ఆ బిడ్డ నవ్వనగా అదియే. వింత వింతగా కనబడుటకు పరాయి కన్ను కావలెను, అదియును పిల్లలను నవ్వింప నోపిక గల వైద్యుని కన్ను కావలెను.

మూత్రాశయపు సంగతి కొంచెము విప్పి చెప్పవలసి యున్నది. లేనిచో తక్కిన చరిత్ర బోధపడదు. మన గ్రామములలో చెరువును తూమును ఎరుగనివారు లేరు. రెండు మూత్రపిండములనుండి రెండు సన్నని నాళముల ద్వారా నీరు దిగి మూత్రాశయమను చెరువులో నిలుచును. ఆ చెరువునకు క్రింద తూము వంటి బిగింపు కండరము కలదు. చెరువు నిండినప్పుడు నీరటికాడు తూము తలుపెత్తును గదా. అట్లే, మూత్రాశయపు గోడ ముడుచుకొని నీటిని త్రోయు సమయమున ఆ బిగింపు కండరము వదులు కావలెను. ఈ రెండు పనులును ఒకే క్షణమున జరిగినగాని మూత్రము సుఖముగా వెడలదు. ఓచోవా చూచిన పిల్లలలో గోడ ముడుచుకొను వేళకే బిగింపు కండరమును బిగిసికొనును. ఒక ప్రక్క వరద త్రోయుచుండగా తూము మూసి పట్టుకొన్నట్లు.

అప్పుడేమి జరుగును? కొంత నీరు బొట్లు బొట్లుగా పోవును, కొంత లోపలనే నిలిచిపోవును. పోరాడి పోరాడి మూత్రాశయపు గోడ మందమగును. నిండి పొరలినది పగలనక రాత్రియనక బట్టలను తడుపును. నిలిచిన నీటిలో క్రిములు పుట్టి జ్వరము వచ్చును. అంతటితో నాగిన కొంత మేలే. నీటికి క్రిందికి దారి లేకపోగా అది వచ్చిన నాళములనుండియే పైకి ఎదురెక్కి మూత్రపిండములను ఉబ్బజేయును. సంవత్సరములు గడచుకొలది పిండములు మచ్చలు పడి, ఎండి, పనికి మాలిపోవును. ఈ పిల్లలలో పలువురికి మలబద్ధమును ఉండును. ఇంతయు లోలోపల జరుగుచుండగా పైకి కనబడునది తడిసిన పక్క యొక్కటే. దానికి తోడు ఆ నవ్వు.

తడిసిన పక్కను గూర్చి లోకమెట్లు తలంచునో మీకు చెప్పనక్కరలేదు. నేను చిన్నప్పుడు చదివిన బడిలో తొమ్మిదేండ్ల బాలుడొకడు తరచు లాగు తడుపుకొనెడివాడు. పంతులుగారు వానిని బల్ల యెక్కించి నిలువబెట్టెడివారు, మేము నవ్వెడివారము. వానికి రోగమున్నదో లేదో నాకు తెలియదు, ఇప్పుడు తెలిసికొనుటకు దారియు లేదు. బెదిరించిన మానునను నమ్మకము మాత్రము పెద్దలందరియందును ఉండెను. ఇది పల్లెటూరి యజ్ఞానమని కొట్టివేయుటకు వీలు లేదు. అమెరికాలో పేరు వడసిన మూత్రవ్యాధి నిపుణుడు ఫ్రాంక్ హిన్మన్ 1973 లో, నరముల లోపము గాని దారిలో అడ్డు గాని లేకయే మూత్రాశయము చెడిన బాలురను గూర్చి వ్రాసెను. ఆ స్థితికి మూలము పిల్లలు తెలిసియు తెలియకయు చేసికొనిన చెడ్డ యలవాటనియు, మనసులోని కలతయనియు ఆయన తలంపు. అట్టి పిల్లలు కొందరుండవచ్చును. అయితే ఓచోవా చూచిన పిల్లలు తరచుగా అన్నదమ్ములు, అక్కచెల్లెండ్రు, ఒకే వంశపు దాయాదులు. చెడ్డ యలవాటు ఒక యింటిలో నిట్లు నియమముగా పుట్టుచు, నవ్వును గూడ తలక్రిందులు చేయునా? ఇది పుట్టుకతో వచ్చినదని ఆయనకు తోచెను.

ఆంతియోకియా చరిత్రను ఇచ్చట కొంత చెప్పుకొనవలెను. స్పెయిను దేశస్థులు బంగారము వెదకుచు ఆ కొండలలోనికి వచ్చి 1541 లో సాంతా ఫె దె ఆంతియోకియా యను పట్టణమును కట్టిరి. మెడెలినునకు పట్టణ హోదా 1675 లో కలిగెను. సీమ యంతయు నిట్టనిలువు కొండలు, లోతైన లోయలు. బయటి ప్రపంచముతో రాకపోకలు కంచరగాడిదల కాలిబాటల మీదనే. బయటినుండి వచ్చిన కుటుంబములు కొద్ది. అవి శతాబ్దముల తరబడి తమలో తామే పెండ్లిండ్లు చేసికొనుచు, ఇంటింట పెక్కుమంది బిడ్డలతో పెరిగి, పంతొమ్మిదవ శతాబ్దమున కాఫీ తోటల కొరకు దక్షిణపు కొండలకు వలస సాగించెను. జన్యుశాస్త్రజ్ఞులు 2000 లో ఆ జనుల తండ్రివైపు వంశమును, తల్లివైపు వంశమును వేరువేరుగా పరీక్షించిరి. తండ్రివైపున నూటికి తొంబది మందికి పైగా ఐరోపావారు. తల్లివైపున నించుమించు అంతమందియు అచ్చటి ఆదివాసి స్త్రీల సంతతి. వచ్చిన పురుషులెవరో, వారికి భార్యలైన స్త్రీలెవరో, ఆ స్త్రీల ఇష్టమును ఎవరైనను అడిగిరో లేదో, ఈ లెక్కలు వ్రాతపత్రములకంటె నిష్కపటముగా చెప్పుచున్నవి.

ఇట్లు కొద్దిమంది మూలపురుషులనుండి విస్తరించిన జనములో, ఆ మూలపురుషులలో నొకనికున్న లోపము వేలకొలది మందికి సంక్రమించును. ఆంతియోకియా సీమలోనే నడివయసున మతి తప్పు వ్యాధియొకటి కొన్ని వంశములలో తరతరములుగా వచ్చుచుండుట వైద్యలోకమునకు తెలిసినదే. ఆ వంశములను ఫ్రాన్సిస్కో లోపెరా యను వైద్యుడు 2024 లో మరణించువరకు వెన్నంటి పరిశీలించెను. అది వేరొక కథ. అయితే ఆ మతి తప్పు రోగము తల్లిదండ్రులలో నొక్కరి వలననే బిడ్డకు వచ్చును. మన మూత్రవ్యాధి యట్లు కాదు.

ఇది తల్లినుండియు తండ్రినుండియు, ఇద్దరినుండియు వచ్చినగాని బయటపడదు. మన దేహములో ప్రతి గుణమునకును జన్యువులు జంటలుగా నుండును. ఒకటి తండ్రి యిచ్చినది, ఒకటి తల్లి యిచ్చినది. జంటలో నొకటి చెడి రెండవది బాగున్నచో మనిషికి నలత యేమియు నుండదు. నవ్వును సరిగానే నవ్వును. తనలో లోపము దాగియున్నదని వానికే తెలియదు. అట్టి పురుషునకు అట్టి స్త్రీయే భార్యయైనప్పుడు, ప్రతి కాన్పునందును బిడ్డకు రెండు చెడ్డవియే వచ్చుటకు నాలుగింట నొక వంతు అవకాశము కలదు. నలుగురు బిడ్డలున్న ఒకరికి తప్పక వచ్చునని దీని యర్థము కాదు. ఒక యింట ఎవరికిని రాకపోవచ్చును, ఇంకొక యింట ఇద్దరికి రావచ్చును. మూలపురుషుడొక్కడేయైన జనములో అట్టి భార్యాభర్తలు కలియుట సులభము.

1979 లో ఎలెహాల్దె యను వైద్యుడు అట్టి మూడు కుటుంబములను పరిశీలించి వ్రాసిన వ్యాసములో ఈ రోగమునకు ఓచోవా పేరు పెట్టెను. 1987 లో ఓచోవాయు, అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయమున ముఖరోగములను గూర్చి గొప్ప పండితుడైన రాబర్ట్ గోర్లినును కలిసి, మూత్రమును ముఖమును జోడించి "యూరోఫేసియల్" అను పేరుతో దీనిని వర్ణించిరి. అటుపిమ్మట ఐరోపానుండియు, టర్కీనుండియు, అరబ్బు దేశములనుండియు అట్టి పిల్లలను గూర్చిన వార్తలు వచ్చినవి. కొలంబియా కొండలకు మాత్రమే చెందినదను తలంపు దానితో తొలగినది. మొత్తము మీద ఇది మిక్కిలి అరుదైన రోగమే. అయినను గుర్తింపబడనిది లేనిదిగా లెక్కింపబడునని మరువరాదు.

నవ్వును ఏడుపును మొగమున నెట్లు పుట్టునో తెలిసికొనవలెనను కోరిక ప్రాచీనమైనది. మన భరతముని నాట్యశాస్త్రమున నవ్వును ఆరు తెగలుగా విభజించి, స్మితము మొదలు అతిహసితము వరకు లక్షణములు చెప్పెను. ఆ తుది రెండు తెగలయందును కన్నుల నీరు నిండునని చెప్పుట మరువలేదు. కూచిపూడి భాగవతుల ఆటలు చూచిన పెద్దలకు ఆ తేడాలు నేను వివరింప నక్కరలేదు. ఐరోపాలో డుషెన్ అను ఫ్రెంచి వైద్యుడు విద్యుత్తును మొగపు కండరములకు తగిలించి, ఒక్కొక్క కండరము ఏ భావమును పుట్టించునో చూచి 1862 లో గ్రంథముగా వెలువరించెను. మనసార నవ్విన నవ్వులో పెదవులతో గూడ కన్నుల చుట్టునున్న కండరమును ముడుచుకొనునని చెప్పినవాడాయనయే. పది సంవత్సరముల తరువాత, 1872 లో, చార్లెస్ డార్విన్ మానవులయొక్కయు జంతువులయొక్కయు భావప్రకటనలను గూర్చి వ్రాయుచు, పగలబడి నవ్విన మొగమునకును వెక్కివెక్కి యేడ్చిన మొగమునకును పోలిక యెంత దగ్గరయో గమనించెను. ఆ పోలికయే ఓచోవా పిల్లలలో చిరునవ్వునకు గూడ ప్రాకినది. "నవ్వు నాలుగు విధముల చేటు" అని మన సామెత. ఈ పిల్లల విషయమున నవ్వే మేలు చేసినది.

మరి నవ్వునకును మూత్రమునకును కలిపిన ముడి యెచ్చట నున్నది? దీనికి మొట్టమొదట దొరికిన సమాధానము చాల అందమైనది. పెద్దమెదడునకును వెన్నుపామునకును నడుమ, వంతెన వలె అడ్డముగా నుబికియున్న భాగమొకటి కలదు. లాటిను భాషలో దాని పేరునకు అర్థమే వంతెన. మొగమును కదలించు నరము పుట్టునది ఆ వంతెనలోనే. 1925 లో లండనులో బారింగ్టన్ అను శాస్త్రజ్ఞుడు పిల్లులపై పరిశోధన చేసి, మూత్రమును విడుచుమని ఆజ్ఞ ఇచ్చు స్థానమును ఆ ప్రాంతముననే యున్నదని చూపెను. రెండును ఇరుగు పొరుగు ఇండ్లు. ఒక చిన్న లోపము ఆ చోట కలిగినచో రెండిండ్లకును నష్టము తగులుట సహజమే గదా. ఓచోవా మొదలైనవారు దీనినే కారణముగా భావించిరి. ఎవరు విన్నను సరియని తల యూపుదురు. నేను మొదట చదివినప్పుడు, ఇక తెలిసికొనవలసినది లేదనుకొంటిని.

ఇంతలో చికిత్స వైపున మరియొక మార్పు వచ్చినది. మూత్రము వెడలనివారికి గొట్టము పెట్టి తీయుట ప్రాచీన పద్ధతియే. రెండవ ప్రపంచ యుద్ధమున వెన్నెముక విరిగిన సైనికులకు ఇంగ్లండులో లుడ్విగ్ గుట్‌మన్ అను వైద్యుడు, గొట్టమును ఎల్లప్పుడు ఉంచక, వేళకు పెట్టి తీసివేయు పద్ధతిని నడపెను. అయితే అది వైద్యుల చేతులతో, క్రిమిరహితమైన సామగ్రితో జరుగవలసినది. 1972 లో అమెరికాలోని మిచిగన్ విశ్వవిద్యాలయమున జాక్ లాపిడెస్ అనునాయన, సబ్బుతో కడిగిన చేతులు, కడిగిన గొట్టము చాలుననియు, రోగియే తన యింట తానే రోజునకు కొన్ని సారులు చేసికొనవచ్చుననియు ప్రకటించెను. గొట్టముతో పోవు కొద్దిపాటి క్రిములకంటె, నీరు నిండి సాగిపోయిన మూత్రాశయమే ఎక్కువ హాని చేయునని ఆయన వాదము. ఆనాటి వైద్యులలో పలువురు దీనిని అపచారముగా చూచిరి. కాలము ఆయన పక్షముననే తీర్పు చెప్పినది. ఓచోవా రోగమున్న పిల్లలకు నేటికిని ఈ గొట్టమే ముఖ్యాధారము. దానితో పాటు మూత్రాశయపు బిగువును తగ్గించు మందులును, క్రిములను అణచు మందులును ఇత్తురు. కొందరికి శస్త్రచికిత్సయు అవసరమగును.

కావుననే ఆ నవ్వు ఇంత విలువైనది. మూత్రపిండములు చెడక మునుపు గొట్టమును మందులును మొదలు పెట్టినచో పిల్లవాడు పెద్దవాడగును, పని చేసికొనును. చెడిన తరువాత తెలిసినచో మిగులునది యంత్రముతో రక్తమును శుద్ధి చేయుటయో, ఇతరుల పిండమును అమర్చుటయో. ఓచోవా తన జీవితకాలమంతయు ఈ ఒక్క మాటనే చెప్పుచుండెను. 2004 లో ఆయన వ్రాసిన వ్యాసపు శీర్షికయే యొక ప్రశ్న: పుట్టుకతో చెడిన మూత్రాశయమును చిరునవ్వును చూచి గుర్తింపవచ్చునా యని. వచ్చుననియే ఆయన సమాధానము. దీనికి యంత్రములు అక్కరలేదు, రక్తపరీక్ష లక్కరలేదు; బిడ్డను నవ్వించు నేర్పు చాలును.

ఇప్పుడు మరల కారణమును వెదకినవారి యొద్దకు పోవుదము. తాళపత్ర గ్రంథములను పరిష్కరించు పండితులకు ఒక యుపాయము తెలియును. పది ప్రతులలో ఒకే చోట ఒకే లేఖకదోషము కనబడినచో, ఆ పదియు ఒకే మాతృకనుండి వ్రాసికొన్నవని వారు నిశ్చయింతురు. బ్రౌను దొర కొలువులో ప్రతులను సరిచూచిన మన పండితులును ఇట్టి దోషములతో పెనగులాడినవారే. జన్యుశాస్త్రజ్ఞులు చేసినదియు ఇదియే. కొలంబియా కుటుంబములలోని రోగులందరిలో తల్లి యిచ్చినదియు తండ్రి యిచ్చినదియు అక్షరము తప్పక ఒకే విధముగానున్న భాగమెచ్చటనో వెదకిరి. ఆ భాగము ఒకే మూలపురుషుని మాతృకనుండి రెండు దారుల వచ్చి కలిసినదన్నమాట. 1997 లో కాంగ్-యీ వాంగ్ మొదలైనవారు అది పదవ క్రోమోజోములో ఒక చిన్న భాగమున నున్నదని కనుగొనిరి. ఊరు తెలిసినది, వీధియు తెలిసినది. ఇల్లు తెలియుటకు ఇంకను 13 సంవత్సరములు పట్టెను. 2010 లో అమెరికాలోని జార్జియావారును, ఇంగ్లండులోని మాంచెస్టరువారును, వేరువేరుగా పని చేసి, ఒకే పత్రికలో ఒకే కాలమున దోషము గల జన్యువును ప్రకటించిరి. దాని పనితో తయారగు పదార్థమునకు హెపరనేజ్-2 అని పేరు. 2013 లో మరికొన్ని కుటుంబములలో దోషము వేరొక జన్యువున నున్నదని తేలినది, దానిని ఎల్.ఆర్.ఐ.జి.-2 అందురు. ఈ రెంటిలో దేనియందును దోషము కనబడని కుటుంబములును కొన్ని కలవు.

ఇచ్చట అందమైన వంతెన సిద్ధాంతమునకు ఎదురుదెబ్బ తగిలినది. ఈ రెండు పదార్థములును గర్భస్థ శిశువు మూత్రాశయపు కండరముల నడుమకు ప్రాకుచున్న నరములలోనే యున్నట్లు మాంచెస్టరు పరిశోధకులు చూపిరి. ఆ జన్యువులు చెడిన చుంచెలుకలలో మూత్రాశయమునకు పోవు నరముల అల్లిక సరిగా లేదని 2019 లో ప్రకటించిరి. అనగా లోపము ఆజ్ఞ ఇచ్చు మెదడులో నుండవలసిన పని లేదు. ఆజ్ఞను చేర్చు త్రోవలలో, ఊరి చివరి పిల్లకాలువలలో ఉన్నట్లు కనబడుచున్నది. మొగపు నరములకు ఏమి సంభవించుచున్నదో ఇంత స్పష్టముగా తేలలేదు. ఇరుగు పొరుగు ఇండ్ల కథ వినుటకు బాగుండినంత మాత్రమున నిజము కాదు. అయితే సిద్ధాంతము వీగినను ఓచోవా గమనించినది వీగలేదు. కారణమేదైనను ఆ నవ్వు ఉన్నచోట ఆ మూత్రాశయము కలదు. హెపరనేజ్-2 జన్యువున దోషముండియు మొగమున నే గురుతును లేనివారిని గూడ తరువాత కొందరిని కనుగొనిరి. కావున నవ్వు సరిగా నున్నదని తడిసిన పక్కను ఉపేక్షింపరాదు.

మన మాట యొకటి ఇచ్చట అనక తప్పదు. ఇతర దేశములలో ఈ రోగము కనబడిన కుటుంబములలో పెక్కింట తల్లిదండ్రులు దగ్గరి చుట్టములు. మేనరికములును, మేనమామ కోడలిని చేసికొనుటయు ఆంధ్ర, తెలంగాణములలో నేటికిని మర్యాదగల సంబంధములే. 1955 నాటి హిందూ వివాహ చట్టమును ఆచారమున్న చోట వానిని ఒప్పుకొన్నది. వాని మేలు నేనెరుగనివాడను గాను. ఎరిగిన యింటికి పిల్ల పోవును, ఆస్తి చీలదు, ముసలితనమున అత్తయే మేనత్త యగును. లెక్క మాత్రము లెక్కయే. అన్నాచెల్లెండ్ర బిడ్డలు పెండ్లాడినచో వారికి జన్యువులలో ఎనిమిదింట నొక వంతు ఉమ్మడి. మేనమామకును మేనకోడలికిని నాలుగింట నొక వంతు. దాగియున్న దోషము రెండు వైపులనుండి వచ్చి కలియుటకు అది దగ్గరి దారి. ఓచోవా రోగమంత అరుదైనదానికై యెవరును సంబంధమును మానుకొననక్కరలేదు. అయితే ఒక యింట వరుసగా బిడ్డలు ఏదో యొక విధముగా రోగులగుచున్నప్పుడు, అదే యింట మరల మేనరికము కలుపుటకు ముందు జన్యువైద్యుని యొకమారు అడుగుట పెద్దల పనియే యని నా యభిప్రాయము. పెండ్లిచూపులకు పోవునది మీరు, పిల్లవాడు కాదు.

పరిశోధన యాగలేదు. 2024 లో మాంచెస్టరువారే, దోషము గల చుంచెలుకల పిల్లలకు మంచి జన్యువును ప్రమాదము లేని వైరసు మీద నెక్కించి రక్తములోనికి పంపగా, మూత్రాశయపు పని కొంత చక్కబడినదని ప్రకటించిరి. అది ఎలుకల మాట; ఏ బిడ్డకును ఇంకను చేరలేదు. బిడ్డలకు గొట్టమును మందులునే గతి.

గురుతుల సంగతిలో మాత్రము క్రొత్తది యొకటి తేలినది. 2014 లో టర్కీ దేశపు వైద్యులు, ఈ రోగమున్న పిల్లలలో కొందరు నిద్రలో రెప్పలు పూర్తిగా మూయలేకున్నారని వ్రాసిరి. రాత్రి యంతయు కన్ను కొంత తెరచియే యుండుట వలన కంటికి తడి యారిపోవును. చుక్కల మందు వేయవలసి యుండును. ఏబది సంవత్సరములు వైద్యులు ఈ పిల్లలను పగలు చూచిరి, నవ్వించి చూచిరి. నిదురించుచుండగా చూచిన వారు తల్లులు. వారినెవరును అంతవరకు అడిగి యుండలేదు కాబోలు.